హవీస్ విన్న మాట

నిన్న హవీస్‌ను మట్టిలో పెట్టి వచ్చాం. మా ఊళ్లో బీరు కాచి అమ్మే మనిషి. కొత్త బీరు తయారైతే గుమ్మం మీద ఆకుల గుత్తి కట్టేది. గుత్తి ఎందుకు, ఆవిడ గొంతు చాలదూ! నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున ఒకింట్లో మొగుడూ పెళ్లాం కొట్టుకుంటే మధ్యాహ్నానికి మా కుక్కకు కూడా తెలిసేది. అలాంటి మనిషి పదకొండేళ్లు ఒక్క మాటను కడుపులో దాచుకుంది. ఆ మాట నాకు తెలుసు.

పదకొండేళ్ల కిందట ప్లేగు మహమ్మారి బ్రిస్టల్ పట్నం దాకా వచ్చిందని తెలియగానే మావాళ్లు దారికి అడ్డంగా కంచె కట్టి, బయటివాళ్లనెవరినీ రానివ్వకూడదన్నారు. ఆ రోజు కాపలా వంతు నా మొగుడు ఓస్బర్ట్‌ది. నేను రొట్టె తీసుకెళ్లాను. హవీస్ ఒక్కగానొక్క కొడుకు పియర్స్, బ్రిస్టల్‌లో పీపాలు చేసేవాడు, ఒళ్లు కాలిపోతూ తూలుతూ వచ్చి కంచె పట్టుకున్నాడు.

"అత్తా, మా అమ్మను పిలవవా? దూరం నుంచే చూసి పోతాను."

ఓస్బర్ట్ నావైపు చూశాడు. "పిలవొద్దు. అది వచ్చి వాడి మీద పడుతుంది. అందరం చస్తాం," అన్నది నేనే. ఓస్బర్ట్ గడ్డి తీసే పంగలకర్ర ఎత్తి పిల్లాణ్ణి తరిమేశాడు. మర్నాడు మిల్లు కాలవ పక్క పొదల్లో మాకు శవమై కనిపించాడు. ఇద్దరం అక్కడే పూడ్చేసి నోరు మూసుకున్నాం.

హవీస్ మాత్రం రోజూ సాయంత్రం గుమ్మంలో ఒక కొయ్య గ్లాసు నిండా బీరు పెట్టేది. "నా వెధవ బ్రిస్టల్ నుంచి దాహంతో వస్తాడే," అనేది.

కంచె ఏం ఆపింది, నా మొహం! నెల తిరక్కుండా ఊరు సగమైంది. చర్చి గురువుగారూ పోయారు. చివరికి ఓస్బర్ట్ చంకలో గడ్డ లేచింది. పాపాలు గురువుకు చెప్పుకోకుండా పోతే నరకమేనని ఒకటే ఏడుపు. గురువు దొరక్కపోతే ఎవరితోనైనా, ఆఖరికి ఆడదానితోనైనా సరే చెప్పుకోవచ్చనీ, విన్నవాళ్లు గురువులాగే గుట్టు దాచాలనీ బిషప్పుగారు అప్పటికే ఊళ్లన్నిటికీ ఉత్తరం పంపారు. గడపగడపకూ తిరిగాను. ఒక్క మగాడూ కదల్లేదు. తలవంచుకుని ఇంటికొస్తే నా గుమ్మంలో హవీస్ నిలబడి ఉంది.

"ఏమే ఎమ్మోట్, నన్నెందుకు అడగవు? ఊరంతా చాటింపు వేస్తాననా?"

అమ్మో! గబగబా వెళ్లి తలుపుకు అడ్డం నిలబడ్డాను. "వద్దొదినా, నీకు అంటుకుంటుంది," అన్నాను.

"అంటుకోనీ. ఇంకెవరున్నారు నాకు, ఆ వెధవ తప్ప? తప్పుకో."

లోపలికెళ్లి తలుపు వేసుకుంది. ఓస్బర్ట్ గొంతు సన్నగా వినిపించింది. తర్వాత ఆగిపోయింది. పీక పిసికేసిందేమో అనుకున్నాను. అప్పుడు హవీస్ గొంతు వినిపించింది, "దేవుడు నిన్ను..." అని. మళ్లీ చాలాసేపటికి, "దేవుడు నిన్ను క్షమించుగాక."

బయటికొచ్చింది.

"నీళ్లడుగుతున్నాడు, వెళ్లు. మీ పార ఒకసారి ఇస్తావా?"

ఇచ్చాను. నా చేతులతో నేనే ఇచ్చాను, దేవుడా! తిన్నగా మిల్లు కాలవ దగ్గరికి వెళ్లి, కొడుకును తవ్వి తీసి, తోపుడుబండి మీద చర్చి శ్మశానానికి తెచ్చి పూడ్చుకుంది. వాడక్కడ ఉన్నాడని ఎలా తెలిసిందని అడిగిన వాళ్లందరికీ ఒకటే జవాబు, కలొచ్చిందని. ఆ సాయంత్రం గుమ్మంలో గ్లాసు లేదు. ఆ తర్వాత ఎప్పుడూ లేదు.

పారను శుభ్రంగా కడిగి తిరిగిచ్చింది. "నీకూ ఏమన్నా చెప్పుకోవాలనిపిస్తే రావే. వింటాను," అంది. ఓస్బర్ట్ నా మాట కూడా చెప్పేశాడని అప్పుడర్థమైంది.

ఓస్బర్ట్ ఆ రాత్రే పోయాడు. నేను బతికాను. పదకొండేళ్లు బీరు కోసం ఆవిడ దగ్గరికే వెళ్లాను. ప్రతిసారీ గ్లాసు నింపకుండా నా మొహం చూసేది. నేను నోరు విప్పకపోతే, నింపి ఇచ్చేది.

మొన్న జ్వరంతో పడి ఉందంటే చూడ్డానికి వెళ్లాను. మంచం పక్కనున్న వాళ్లందర్నీ బయటికి పంపేసి, నా చెయ్యి పట్టుకుని ఎదురుచూసింది.

నేను వానల గురించి మాట్లాడి, లేచి వచ్చేశాను.