కొమురయ్య కాక ఎర్తు వెతికిన రోజు

మొన్న మంచిర్యాల నుంచి అద్దె కారులో వస్తుంటే గోదావరి వంతెన మీద ఆ ఈల వినిపించింది. కారులో మోగుతున్న పాట వెనకాల, చెవి దగ్గరికి దోమ వచ్చినంత సన్నగా. డ్రైవరు వేగం పెంచితే ఈల పైకి లేచింది, తగ్గిస్తే దిగింది. కింద నీళ్లు తక్కువ, ఇసుక ఎక్కువ. పొద్దు వాలుతోంది. దూరంగా పొగగొట్టాలు పొగలోనే సగం కలిసిపోయి ఉన్నాయి. డ్రైవరుకు ఆ ఈల అలవాటైపోయినట్టుంది. నేను మాత్రం పాట వదిలేసి ఈలనే వింటూ కూర్చున్నాను. కారు స్పీకర్లలో ఆ ఈల వినిపించినప్పుడల్లా కొమురయ్య కాక పక్కన నిలబడి "ఉన్నదా?" అని అడుగుతున్నట్టే ఉంటుంది.

కాక గోదావరిఖనిలో మా పక్క క్వార్టర్‌లో ఉండేవాడు. మా వైపు గనిని బాయి అంటారు. ఆ బాయిలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. నేను పెళ్లయి ఆ కాలనీకి వచ్చి, బడిలో తెలుగు చెప్పడం మొదలుపెట్టిన రోజుల్లో మా ఇంట్లో ఫ్యాను చెడినా, ప్లగ్గు కాలినా ఆయనే వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా నన్ను మెయిన్ స్విచ్ దగ్గర నిలబెట్టేవాడు. బాయి పద్ధతి అది. ఒకరు కరెంటు తీసి చెప్పాలి, రెండో మనిషి తన కళ్లతో చూసి అదే మాట తిరిగి చెప్పాలి. అప్పటిదాకా వైరు ముట్టుకోకూడదు. "బంద్," అనేవాడు కాక. నేను తల ఊపితే ఒప్పుకునేవాడు కాదు. "తలకాయ ఊపుడు గాదు టీచరమ్మా, చూసి నోటితోని చెప్పు." "బంద్ కాకా," అనేదాన్ని నవ్వుతూ. ఆయన నవ్వేవాడు కాదు. "చూడకుంటనే బంద్ అన్నోళ్లు అందరు మంచోళ్లే బిడ్డా. పక్కోని మీద ప్రేమతోనే అన్నరు. గా పక్కోడే పోయిండు."

ఆయన భార్య రాజవ్వ. బతుకమ్మ నాడు కాలనీ మైదానంలో పాట ఎత్తుకునేది ఆమే. ఆమె ఒక వరుస పాడితే వలయం మొత్తం అందుకునేది. తెలంగాణ ఉద్యమం జోరుగా నడుస్తున్న ఆ ఏళ్లలో ఒక ఎండాకాలం రాజవ్వ జ్వరంతో పోయింది. పండుగ దగ్గర పడుతుంటే ఎవరు ఎత్తుకోవాలన్న మాట ఎవరూ తీయలేదు. అప్పుడు కాక ఒక క్యాసెట్ తీశాడు. ఏదో ఏడాది రాజవ్వ వంటింట్లో గునుగు పూలకు రంగు అద్దుకుంటూ పాడుతుంటే టేప్ రికార్డర్ పక్కన పెట్టి నింపుకున్నాడట. ఇంటి టేపు చప్పుడు మైదానానికి చాలదు. రిటైరయ్యాక కాలనీ పిల్లల్ని బడికి దింపడానికి ఆయన కొన్న పాత వ్యాను ఒకటి ఉండేది, దానికి వెనక ఆంప్లిఫయరు, రెండు పెద్ద స్పీకరు డబ్బాలు బిగించాడు. "ఈ సారి గూడ గామెనే ఎత్తుకోవాలె," అన్నాడు.

సద్దుల బతుకమ్మ రేపనగా సాయంత్రం ఆడవాళ్లందరినీ పిలిచి వ్యాను ఇంజను నడిపించాడు. ఇంజను నడవకుంటే బ్యాటరీ దిగిపోతుందని. రాజవ్వ గొంతు వచ్చింది. ఆ గొంతు మీదుగా ఈల కూడా వచ్చింది, పల్చటి బట్ట మీద గోరుతో గీసినట్టు. ఎదురింటి లచ్చవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఎంత మంచిగున్నది కాకా, అక్క గీడనే ఉన్నట్టున్నది." అందరూ అదే అన్నారు. కాక నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు టీచరమ్మా. మెయిన్ కాడ చెప్పినట్టు చెప్పు."

ఆ మాట అనకపోతే నేనూ బాగుందనేదాన్నేమో. "ఈల ఉన్నది కాకా," అన్నాను. లచ్చవ్వ నా చెయ్యి గిల్లింది. కాక డబ్బాకు చెవి ఆనించి, నన్ను యాక్సిలరేటర్ తొక్కమన్నాడు. ఈల నిట్టనిలువుగా లేచింది. "లేదు గదా," అన్నాడు. ఆయన మా ముఖాలు ఒకటొకటిగా చూశాడు. లచ్చవ్వ తల దించుకుంది. కాక ఇంజను ఆపేశాడు.

"బాయిల పెద్ద ఫ్యాన్ల పక్కన పనిచేసిన చెవులు," అన్నాడు. "పైది, సన్న చప్పుడు, పోయిందన్నట్టు."

"గందుకేనా అక్క పిలిస్తే పలుకకపోతుంటివి?" అంది లచ్చవ్వ, ఏడుపు గొంతుతోనే. "మేం ముసలాయనకు పొగరనుకున్నం."

కాక నవ్వాడు. మేమూ నవ్వాం. కానీ ఆయన డబ్బా మీద పెట్టిన చెయ్యి తీయలేదు.

మర్నాడు పొద్దున్నే నన్ను పిలిచాడు. సాయంత్రానికి ఈల పోవాలి. పోకపోతే క్యాసెట్ పెట్టనన్నాడు. "ఆమె గొంతు మీద గీత పడితే మీరు మంచిగున్నదనే అంటరు. నాకద్దు." ఆంప్లిఫయరు ఎర్తు వైరును ఆయన అంతకుముందే వ్యాను వెనక నుంచి ముందు బ్యాటరీ దాకా లాగి పెట్టాడు. బాయిలో చేయి తిరిగిన మనిషి మాత్రమే అంత శ్రద్ధగా చేయగల పొరపాటు అది. "బాయి లోపట ఎక్కడి ఇనుమును అక్కడ నమ్మద్దు బిడ్డా. పట్టాలుంటయి, పైపులుంటయి. దేన్నిబడితే దాన్ని ఎర్తనుకుంటే మనిషి పోతడు. ఎర్తు పైనుంచే రావాలె." బండికి అది పనికిరాదనీ, వైరు పొడుగైన కొద్దీ ఇంజను కరెంటు చప్పుడు పాటలోకి దిగుతుందనీ, ఆంప్లిఫయరు పక్కనే బండి రేకుకు పొట్టి వైరు బిగించాలనీ ఒక టాక్సీ డ్రైవరు చెప్పాడట. కాకకు మనసొప్పడం లేదు. "గీ రేకును నమ్మాలెనట," అంటూనే స్పానర్ తీశాడు.

సీటు బోల్టుకు పెట్టాడు. "ఉన్నదా?" "ఉన్నది. జరంత తగ్గింది." వెనక తలుపు బోల్టుకు మార్చాడు. "ఉన్నదా?" "ఎక్కువైంది కాకా." మార్చిన ప్రతిసారీ క్యాసెట్ వెనక్కి తిప్పేవాడు. రాజవ్వ అదే వరుస మళ్లీ ఎత్తుకునేది. వరండాలో తంగేడు పూలు కుప్పగా పోసి ఉన్నాయి. ఎండ వాటి మీద నుంచి మెల్లగా జరుగుతోంది. మళ్లీ మళ్లీ మొదలై ఆగిపోయే ఆ గొంతు వింటుంటే, ఎక్కడ నిలబడి పాడాలో రాజవ్వే వెతుక్కుంటున్నట్టు అనిపించింది.

చివరికి కాక నేల మీది మ్యాటు ఎత్తాడు. కింద బొగ్గుదుమ్ము కాటుకలా పేరుకుని ఉంది. తుడిచి, రేకు మందంగా ఉన్నచోట గరుకు కాగితంతో రుద్దాడు. రంగు పోయి, ఎర్రపూత పోయి, తెల్లటి ఇనుము తేలేదాకా రుద్దుతూనే ఉన్నాడు. రంధ్రం వేసేముందు కింద పెట్రోలు పైపు లేదని నన్ను వంగి చూడమన్నాడు. చూసి, నోటితో చెప్పాను. జానెడు వైరు బోల్టుతో బిగించి, తుప్పు పట్టకుండా పైన గ్రీజు రాశాడు. ఇంజను నడిపాడు.

"ఉన్నదా?"

పాట సగం దాకా విన్నాను. యాక్సిలరేటర్ తొక్కి విన్నాను. "లేదు."

"లేదా?"

"లేదు కాకా."

ఆయన వ్యాను అంచున కూర్చున్నాడు. "ఇప్పుడు గామె ఎట్ల పాడుతున్నదో చెప్పు." బాగా పాడుతోందన్నాను. "గట్ల గాదు. నాకు కింది గొంతే ఇనవడుతున్నది. పైన ఏమున్నది?"

కళ్లు మూసుకుని చెప్పాను. వరుస చివర గొంతు సన్నబడుతోందని, ఊపిరి తీసుకునేముందు చిన్నగా నవ్వుతోందని, పూలు తిప్పినప్పుడల్లా గాజులు మోగుతున్నాయని.

"గాజులున్నయా దాంట్ల?" అన్నాడు. ఇన్నాళ్లూ ఆ క్యాసెట్ విన్న మనిషి. "జాతరల నేనే కొనిచ్చిన," అని మళ్లీ క్యాసెట్ వెనక్కి తిప్పాడు. "మోగినప్పుడు చెప్పు." మోగినప్పుడల్లా "ఇగో" అన్నాను.

సాయంత్రం మైదానంలో రాజవ్వ పాట ఎత్తుకుంది. రెండో వరుసకు లచ్చవ్వ అందుకుంది, తర్వాత అందరూ. కాక డబ్బా మీద అరచెయ్యి ఆనించి, పాడేవాళ్ల నోళ్లను చూస్తూ నిలబడ్డాడు. నేను వలయంలో తిరుగుతూ ఆయన ముందుకు వచ్చినప్పుడల్లా నా వైపు చూసేవాడు. ఆ చప్పుడులో ఆయనకు వినపడదని తెలిసీ "లేదు" అని నోటితోనే చెప్పేదాన్ని.

ఆ తర్వాత కాక తన చెవుల సంగతి దాచుకోలేదు. గోడ అవతలి నుంచి "సైరన్ కొట్టిందా బిడ్డా?" అని అడిగేవాడు. రాష్ట్రం రాకముందే పోయాడు. రాష్ట్రం వచ్చిన నాడు కాలనీ అంతా పటాకులు మోగాయి. పక్క క్వార్టర్‌కు తాళం వేసి ఉంది. ఆ చప్పుళ్లలో ఏది ఏమిటో నన్ను ఎవరూ అడగలేదు. వ్యానును కాసిపేట వాళ్లెవరో కొనుక్కుపోయారు. బడిలో పిల్లలు పద్యం చదివి ఎట్లున్నదని అడిగితే, ఇప్పటికీ చివరిదాకా విన్నాకే చెబుతాను.

వంతెన దాటాక డ్రైవరు అద్దంలోంచి నన్ను చూశాడు. "పాట మార్చాల్నా మేడం?"

"పాట మంచిగనే ఉన్నది. వెనక ఈల ఉన్నది."

"నాకైతే ఏం ఇనవడ్తలేదు మేడం."

"జర బండి ఆపి, ఇంజన్ పెంచి ఇను."

రోడ్డు పక్కన ఆపాడు. మెడ వంచి, చాలాసేపు విన్నాడు. "ఉన్నది మేడం," అన్నాడు ఆశ్చర్యంగా.

రెండో మనిషి తన చెవులతో విని తిరిగి చెప్పాడు. ఇక కాకకు చెప్పొచ్చు. "ఉన్నది," అన్నాను.