గోడ మీద జింక కొమ్ములు

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, ఒక జూన్ మొదటి వారంలో, ఖరగ్‌పూర్‌లో రైల్వే క్వార్టర్ల మరమ్మతులు చూసే సీనియర్ సెక్షన్ ఇంజనీరుగా ఛార్జి తీసుకున్నాను. వానలకు ముందు మాకొక తప్పనిసరి పని ఉంటుంది. గోడల్లో మొలిచిన రావి మొక్కలను వేళ్లతో సహా పీకించి, పగుళ్లు పూడ్పించాలి. గోడ మీది మొక్కలన్నీ తీసేయాలని రాసి, ఆ కాగితం తాపీమేస్త్రి అప్పలనాయుడికిచ్చాను.

అతను రైల్వే స్కూల్లో పనిచేసే కామేశ్వరి టీచరు గారి క్వార్టరు వరండాలో ఉన్నదాన్నీ తీసేశాడు. అది ఫెర్న్. జింక కొమ్ముల్లా చీలిన ఆకులతో, గోడకు తగిలించిన చెక్క మీద ఆమె పన్నెండేళ్లుగా పెంచుతున్నది. అప్పుడామె ఊళ్లో లేరు. పారేయడానికి మనసొప్పక నాయుడు దాన్ని కుండీలో పాతి, పేడ ఎరువు వేసి, రెండు పూటలా నీళ్లు పోశాడు. పది రోజుల్లో అది నల్లబడింది.

ఊరినుంచి రాగానే టీచరు గారు ఆ కుండీతో నా ఆఫీసుకు వచ్చారు. నాయుణ్ణి పిలిపించాను.

"అడుగునున్న ఎండాకులు పీకీసినాను, ఎరువేసినాను. ఇంకేటి సెయ్యాల మేడమ్?" అన్నాడు.

"ఆ ఎండాకులే దాని వేళ్లకి దుప్పటి నాయుడూ. సెట్టు కొమ్మల మీద, గాల్లో తేమతో బతికీది ఇది. మట్టిలో పాతితే ఊపిరాడదు," అన్నారామె, అతని యాసలోనే. తర్వాత నా వైపు తిరిగారు. "వచ్చే నెల రిటైరవుతున్నాను బాబూ, ఈ ఊళ్లోనే మలంచాలో ఇల్లు తీసుకున్నాను. క్వార్టరు అప్పగించినట్టు మీరు సంతకం పెడతారు కదా. మొక్కను బతికించి ఇవ్వండి, అప్పగించినట్టు నేను పెడతాను."

ఆమె చెబుతుంటే నేనే మట్టి కడిగి, కుళ్లిన వేళ్లు కత్తిరించి, కొబ్బరిపీచు చుట్టి, చెక్కకు కట్టాను. ఎండ నేరుగా తగలకుండా నా ఆఫీసు కిటికీ పక్కన తగిలించాం. పీచు ఆరిన తర్వాతే చెక్కతో సహా బకెట్లో ముంచి తీయాలి. రోజూ ఆమె ఫోనుకు ఫొటో పంపాలి. నా సర్వీసులో పై అధికారులకు కూడా అంత క్రమం తప్పకుండా రిపోర్టు పంపలేదు.

మొక్కను చెక్కకు కట్టిన మూడో వారంలో డివిజన్ నుంచి ఒక అధికారి తనిఖీకి వచ్చారు. మొక్కలన్నీ తొలగించామన్న రిపోర్టు ఆయన చేతిలో ఉంది. ఫెర్న్ ఆయన తలకు పైన, గోడ మీద ఉంది. ఇదేమిటని అడిగారు.

"పరిశీలనలో ఉంది సర్," అన్నాను.

ఆయన కళ్లజోడు సర్దుకుని, మధ్యలో బఠాణీ గింజంత కొత్త చిగురును చాలాసేపు చూశారు. తనిఖీ పుస్తకంలో ఇలా రాశారు: మొక్క బాగున్నది. కారుతున్న ఆఫీసు పైకప్పు మీద కూడా ఇంతే శ్రద్ధ చూపవలెను.

చిగురు రెండంగుళాల ఆకయ్యాక టీచరు గారు సంతకం పెట్టి మొక్కను తీసుకెళ్లారు.

నాయుడి తప్పేమీ లేదు, నేను రాసిందే చేశాడు. ఆదేశం సరిగా లేనప్పుడు, పనివాడు ఎంత శ్రద్ధగా చేస్తే నష్టం అంత ఎక్కువ. అదే కాగితం ఒక బద్ధకస్తుడి చేతికిచ్చి ఉంటే, ఆ ఫెర్న్‌కు ఏమీ అయ్యేది కాదు.