మా ఆయన గుండెకు తీపి పరీక్ష

ఆ రోజు మా ఆయన మామిడిచెట్టు ఎక్కుతూ సగంలో ఆగిపోయారు. కొమ్మను రెండు చేతులతో పట్టుకుని, నుదురు దానికి ఆనించి చాలాసేపు అలాగే ఉన్నారు. నేను అన్నం క్యారేజీతో కింద నిలబడి ఉన్నాను. చెట్టుతో మంతనాలేంటని వేళాకోళం చేశాను. ఆయన మెల్లగా దిగి వచ్చి, చెట్టు మొదట్లో చతికిలబడి, అన్నం తర్వాత తింటానన్నారు. అప్పటికి ఆయనకు ముప్పై నాలుగేళ్ళు. ఆ పూట అంత తేలిగ్గా ఎలా నవ్వగలిగానా అని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

మాది ఆగిరిపల్లి. ఆయన అక్కడ ఒక ఆసామి మామిడితోటకు మేస్త్రీ. నేను మిషన్ బడిలో టీచర్ని. కోతల రోజుల్లో ఆయన కళ్ళు మూసుకుని ఒక ముక్క నోట్లో వేసుకుంటే చాలు, అది చిన్నరసమో పెద్దరసమో, తోటలో ఏ వైపు చెట్టుదో చెప్పేసేవారు. తీపి నాలుకకు తగలగానే ఒక్కసారి చప్పరించేవారు. భోజనం దగ్గరా అదే అలవాటు. పదిమందిలో అలా చప్పరించవద్దని నేను పిల్లల్ని గద్దించినట్టే గద్దించేదాన్ని. ఆయన నవ్వేసి మళ్ళీ చప్పరించేవారు.

వానాకాలంలో దగ్గు పట్టుకుంది. కాంపౌండరు ఉబ్బసమని సీసాడు మందిచ్చాడు. నాలుగు సీసాలయ్యాయి గానీ ఆయాసం తగ్గలేదు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక, గోడకు బస్తా పెట్టుకుని కూర్చునే నిద్రపోయేవారు. స్వరాజ్యం వచ్చిన మరుసటి ఏడు క్రిస్మస్ ఆరాధనకు బయలుదేరబోతే ఆయన పాదాలు బూట్లలో పట్టలేదు. బూట్లు బిగుసుకుపోయాయని ఆయన, పాదాలు వాచాయని నేను. వేలితో నొక్కి చూశాను. గుంట పడి అలాగే ఉండిపోయింది. నాకు భయం వేసింది.

జనవరిలో రెండు బస్సులు మారి మిషన్ ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అక్కడి డాక్టరుగారు మద్రాసులో చదువుకుని వచ్చిన చిన్న వయసు మనిషి. స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. ఎక్స్‌రే తీయించారు. చిన్నప్పుడు కీళ్ళ నొప్పులతో జ్వరం వచ్చిందా అని అడిగారు. పన్నెండో ఏట మూడు నెలలు మంచం దిగలేదని మా అత్తగారు చెప్పేవారు, అదే చెప్పాను.

"ఆ జ్వరమే గుండెలో తలుపులాంటి మైట్రల్ వాల్వ్‌ని పాడుచేసిందమ్మా. ఇన్నాళ్ళూ గుండె ఎలాగో నెట్టుకొచ్చింది. ఇప్పుడు అలిసిపోయింది. దీన్ని హార్ట్ ఫెయిల్యూర్ అంటాం," అన్నారు.

మా బడిలో ఫెయిలైనవాళ్ళు మరుసటి ఏడు మళ్ళీ రాసి గట్టెక్కుతారు. ఈయనకూ అలాంటి అవకాశం ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. వాల్వ్‌ని బాగుచేసే మందు లేదనీ, గుండెకు విశ్రాంతి ఇచ్చి బలం తేవడమొక్కటే తమ చేతిలో ఉందనీ డాక్టరుగారు దాచకుండా చెప్పారు.

మంచం దిగకూడదన్నారు. గుండె బలానికి రోజూ డిజిటాలిస్ మాత్రలు. వారానికి రెండుసార్లు మెర్సాలిల్ ఇంజెక్షన్. అది వేసిన రోజు ఒంట్లోని నీరు మూత్రమై ధారగా పోయేది. దాన్ని గాజు జాడీలో కొలిచి రాసేవారు. ఒకసారి డిజిటాలిస్ ఎక్కువై వాంతులయ్యాయి. గోడలన్నీ పసుపు పూసినట్టు కనిపిస్తున్నాయన్నారాయన. డోసు తగ్గించాక సర్దుకుంది. ఉప్పు పూర్తిగా మానిపించారు. ఉప్పులేని చారు గుక్కెడు తాగి, నేనేదో కక్ష తీర్చుకుంటున్నానన్నట్టు నా వంక చూసేవారు. కాళ్ళ వాపు దిగి ఎముకలు కనిపించసాగాయి.

ఇలా గుండె నీరసించినవాళ్ళు ఏ మందు ఎన్నాళ్ళిస్తే ఎంత తేరుకుంటారో తెలుసుకోవాలని డాక్టరుగారు పరిశోధన చేస్తున్నారు. ఒక నోటుపుస్తకంలో ఒక్కో రోగికి ఒక్కో పేజీ. అందుకోసం ప్రతి గురువారం ఉదయం సర్క్యులేషన్ టైమ్ అనే పరీక్ష చేసేవారు. చేతి నరంలోకి సాకరిన్ నీళ్ళు ఎక్కిస్తారు. ఆ తీపి రక్తంతోపాటు గుండెకు చేరి, ఊపిరితిత్తులు తిరిగి, మళ్ళీ గుండెకొచ్చి నాలుక దాకా వెళ్ళాలి. గుండెకు బలముంటే తొందరగా వెళ్తుంది, లేకపోతే ఆలస్యమవుతుంది. డాక్టరుగారు గడియారం చూస్తుంటే, నాలుక మీద తీపి తగలగానే రోగి చెప్పాలి. చెప్పేది రోగే కాబట్టి ఈ పరీక్షకు రోగి మాటే ఆధారమని ఆయన మొదటి రోజే అన్నారు.

మొదటి గురువారం ముప్పై నాలుగు సెకన్లు పట్టింది. "వచ్చిందండీ" అంటూనే మా ఆయన చప్పరించారు. డాక్టరుగారికి నవ్వొచ్చింది. మరుసటి వారాల్లో ముప్పై ఒకటి, ముప్పై, ఇరవై ఏడు. తర్వాత రెండు వారాలు ఇరవై ఆరు దగ్గరే నిలిచిపోయింది. మామూలు మనిషికైతే పదిహేను, పదహారులో తీపి తెలుస్తుందని డాక్టరుగారు నర్సులకు చెబుతుంటే మంచం మీద ఆయనా విన్నారు, కింద చాప మీద నేనూ విన్నాను.

ఆ వారమే ఊరి నుంచి కబురొచ్చింది. ఆరేళ్ళ మా అమ్మాయిని అత్తగారి దగ్గర వదిలి వచ్చాం. మొదట్లో రోజూ ఏడ్చేదట. ఇప్పుడు అమ్మ ఎప్పుడొస్తుందని అడగడం మానేసిందట. ఆ మాట విన్నాక నేను వరండాలోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. తిరిగొచ్చేసరికి ఆయన నా కళ్ళ వంకే చూస్తున్నారు.

ఏడో గురువారం సూది వేశారు. కాసేపటికే ఆయన "వచ్చిందండీ" అన్నారు. డాక్టరుగారు గడియారం చూసి మళ్ళీ చూశారు. పదహారు. డాక్టరుగారి ముఖం వెలిగిపోయింది. నోటుపుస్తకం వైపు తిరిగి రాసుకుంటున్నారు. నర్సు చేతికి దూది అదుముతోంది. అప్పుడు మా ఆయన చప్పరించారు. మెల్లగా, ఎవరికీ వినబడకూడదన్నట్టు. నాకు వినబడింది.

నాకు వెంటనే అర్థమైంది. ఆయన లోలోపల పదహారు లెక్కపెట్టి చెప్పేశారు. తీపి ఆ తర్వాత వచ్చింది. బడిలో అబద్ధమాడిన పిల్లల్ని బెంచీ ఎక్కించే నేను, ఆ రోజు నోరు మెదపలేదు. నాకూ ఇల్లు కావాలి. నా పిల్ల కావాలి. పైగా మనిషి నిజంగానే తేరుకున్నాడు కదా, పది సెకన్లు అటూ ఇటూ అయితే ఏమవుతుందిలే అనుకున్నాను. ఇంకో నెల ఉంచుదామనుకున్నాననీ, ఈ లెక్క చూశాక ఇంజెక్షన్లు ఆపి పంపించవచ్చనీ డాక్టరుగారు అన్నారు. నేను ఆయనకు దణ్ణం పెట్టాను.

ఇంటి దగ్గర మూడు వారాలు బాగానే గడిచాయి. అమ్మాయి మొదటి రెండు రోజులు నా దగ్గరికి రాలేదు, తర్వాత వదల్లేదు. ఆయన తోటలో కుర్చీ వేయించుకుని, పిందెలు చూస్తూ, కూలీలకు పనులు పురమాయించేవారు. నాలుగో వారం పంచె కాస్త కిందికి జార్చి కట్టడం మొదలెట్టారు. పాదాలు కప్పడానికని తెలిసి కూడా రెండు రోజులు చూడనట్టు ఊరుకున్నాను. మూడో రోజు పొద్దున్న గడప దాటలేక ద్వారబంధం పట్టుకుని నిలబడిపోయారు. పెదవులు నీలంగా ఉన్నాయి. అప్పటికప్పుడు బండి కట్టించాను.

ఆసుపత్రిలో మళ్ళీ అదే పరీక్ష. ఈసారి నలభై ఒకటి. డాక్టరుగారు మంచం పక్కన కూర్చుని వెనక పేజీలు తిరగేశారు. పదహారు నుంచి నెల రోజుల్లో ఇంతగా దిగజారకూడదని, తన లెక్కలోనే ఎక్కడో పొరపాటు ఉందని అన్నారు. అంత చదువుకున్న మనిషి తప్పు తన మీద వేసుకుంటుంటే నేనిక ఉండబట్టలేకపోయాను. ఆ రోజు పదహారు కాదండీ అన్నాను. జరిగింది చెప్పాను.

మా ఆయన నా వైపు తిరిగారు. "నువ్వు విన్నావా?"

"విన్నాను."

"విని కూడా ఊరుకున్నావా?"

ఆ గొంతులో కోపం లేదు. డాక్టరుగారితోపాటు నన్నూ ఏమార్చి ఇంటికి చేర్చినట్టు ఆయన ఇన్నాళ్ళూ అనుకున్నారు. తనను ఆపగలిగిన మనిషి పక్కనే ఉందని అప్పుడే తెలిసింది. కాసేపటికి నా చెయ్యి పట్టుకుని, "పోనీలే. నెల రోజులు పిల్లతో ఉన్నాం కదా," అన్నారు. నన్ను ఓదార్చడానికే అన్నారు. నాకు ఓదార్పు కలగలేదు.

డాక్టరుగారు పదహారు మీద అడ్డంగా గీత గీసి, కలం చేతిలోనే పట్టుకుని కూర్చుండిపోయారు. తర్వాత నన్ను వరండాలోకి పిలిచారు.

"టీచరమ్మగారూ, ఏడు వారాల మందుతో మీ ఆయన అంత తేరుకున్నారని చూసి, ఇంకో ఇద్దరికి కూడా ఏడు వారాలకే ఇంజెక్షన్లు ఆపి ఇంటికి పంపాను."

ఆ పూటే వాళ్ళిద్దరికీ వెంటనే తిరిగి రమ్మని ఆయన ఉత్తరాలు రాశారు.

మెర్సాలిల్ ఈసారి పనిచేయలేదు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం, నా భుజం మీద తల ఆనించి కూర్చునే ఆయన వెళ్ళిపోయారు. ఇంకో నెల ఆసుపత్రిలో ఉంచి ఉంటే బతికేవారా అని డాక్టరుగారిని అడిగాను. "బతికేవారని చెప్పలేను. బతికేవారు కాదని కూడా చెప్పలేను," అన్నారు. ఆ జవాబుతో ఎనిమిది నెలలుగా కాలం గడుపుతున్నాను. మళ్ళీ బడికి వెళ్తున్నాను. అమ్మాయిని ఒకటో తరగతిలో నా ఎదుటే కూర్చోబెట్టుకుంటున్నాను. కొన్నిసార్లు పాఠం మధ్యలో ఏం చెబుతున్నానో మరిచిపోతాను. పిల్లలే గుర్తుచేస్తారు.

నేను చెప్పగలిగిన సలహా ఒక్కటే. డాక్టరు అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆయాసం ఉంటే ఉందనండి. ఇంటికి పోవాలని బెంగగా ఉంటే ఆ బెంగే చెప్పండి, దానికీ ఆయన ఏదో ఒక దారి చూస్తారు. రోగి దాస్తుంటే పక్కనున్నవాళ్ళు చెప్పండి. రోగి నొచ్చుకుంటాడని ఊరుకోకండి.

డాక్టరుగారు ఉత్తరాలు రాసిన ఇద్దరిలో ఒకామె తిరిగి వచ్చింది, కోలుకుంటోందట. రెండో ఆయనది మైలవరం అవతల ఏదో పల్లె. ఆయన నుంచి ఇప్పటికీ జవాబు లేదు. ఆ ఇంటివాళ్ళ చేతికి ఈ పత్రిక వస్తే, లేదా ఎవరైనా చదివి వినిపిస్తే, నాదొక మనవి. డాక్టరుగారు మిమ్మల్ని తొందరపడి పంపలేదు, మా మాట నమ్మి పంపారు. అది అబద్ధమని తెలిసి ఊరుకున్నది నేను. ఆయన ఉత్తరం మీకు అందకపోయి ఉంటే, ఇదే ఆ ఉత్తరమనుకుని ఈ రోజే బయలుదేరండి.