శబ్దం తీసేసి చూసిన సినిమా

నా చిన్నప్పుడు, అంటే ఇప్పుడు నన్ను ఆంటీ అని పిలిచే యూనివర్సిటీ పిల్లలు ఇంకా పుట్టని రోజుల్లో, మేం ఆస్ట్రేలియాకి, అడిలైడ్‌లో మాసన్ లేక్స్ అనే పేటకి వచ్చాం. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీలు మరిచిపోతాయని లోకమంతా హడలిపోతున్న కాలం. వాటిని బాగుచేసే పనిమీదే నాన్నని ఇక్కడికి రప్పించారు. మమ్మల్ని చూడ్డానికి వచ్చిన మా తాతయ్య మధ్యాహ్నాలు టీవీ ముందు కూర్చునేవాడు.

తాతయ్య తెనాలిలో ఒక సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటరు. ఆదివారం మార్నింగ్ షోకి వేసే ఇంగ్లీషు సినిమాలు ముప్ఫయ్యేళ్లు ప్రొజెక్టర్ గదిలోంచే చూశాడు. మిషను రొదలో మాట వినపడేది కాదు, వినపడినా ఆయనకి ఇంగ్లీషు రాదు. ఇక్కడి టీవీలో ఆ పాత అమెరికా సినిమాలే వస్తుంటే చుట్టాలొచ్చినట్టు సంబరపడేవాడు. అందులో ఒక నటుడంటే ఆయనకి ప్రాణం. హీరో కాదు. ఒకదాంట్లో వంటవాడు, ఇంకోదాంట్లో ఒంటెలు తోలేవాడు, మరోదాంట్లో హోటల్లో సామాన్లు మోసేవాడు. చామనఛాయ మనిషి, అందుకని ఏ పరాయి దేశపు నౌకరు కావాలన్నా అతన్నే పిలిచేవాళ్లు. సినిమాలు తగ్గి అతను టీవీ సీరియళ్లకి మారినా అవే వేషాలని ఇక్కడికొచ్చాకే తాతయ్యకి తెలిసింది.

ఆ ఏడాది స్కూలు నాటకంలో నాకు ఇండియన్ దుకాణందారు వేషం ఇచ్చారు. తల ఊపుతూ, వంగి వంగి దణ్ణాలు పెడుతూ, మావాళ్ల యాసని వెక్కిరిస్తున్నట్టు మాట్లాడాలి. రిహార్సల్లో క్లాసంతా పడీ పడీ నవ్వింది. ఇంటికొచ్చి ఏడ్చాను. నాన్న మాత్రం "అడ్జస్ట్ అవ్వు తల్లీ, జస్ట్ ఎ ప్లే కదా" అన్నాడు. జనవరి తర్వాత ఆయన కాంట్రాక్టు ఉంటుందో ఊడుతుందో తెలీదు. ఆఫీసులో ఎవరైనా తన యాసని అనుకరిస్తే తనూ నవ్వేస్తానని అమ్మతో చెప్పడం విన్నాను. నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు తాతయ్య నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. తెరమీద ఆ నటుడు ట్రే పట్టుకుని వంకర ఇంగ్లీషు మాట్లాడుతున్నాడు. నాకు అసహ్యం వేసింది. తాతయ్య రిమోట్ తీసుకుని శబ్దం మొత్తం తీసేశాడు.

"ఇప్పుడు చూడమ్మా. నేను చూసినట్టు చూడు."

చూశాను. వెన్ను నిటారుగా ఉంది. యజమాని అరుస్తున్నా కళ్లు దించడం లేదు. ట్రేని తనకి తోచినంత నెమ్మదిగా బల్లమీద పెట్టి, పిలిచినవాడు ఎదురుచూస్తుంటే చొక్కా చేతులు సర్దుకుని, అప్పుడు తిరిగాడు. ఆ మాటలు ఎవరో రాసిచ్చినవనీ, నిలబడ్డం మాత్రం వాడి సొంతమనీ తాతయ్య చెప్పాడు. ప్రతి రీలులోనూ అంతేనట, ఎవడూ వంచలేకపోయాడట.

నాటకం రోజు నేను వంగలేదు. తల ఊపలేదు. మా ఇంట్లో మాట్లాడే ఇంగ్లీషులోనే నా మాటలు చెప్పాను. నవ్వాల్సిన చోట హాల్లో ఒక్కరూ నవ్వలేదు. టీచరు మొహం మాడిపోయింది, మరుసటేడు నాకు ఏ వేషమూ ఇవ్వలేదు. ఇవ్వకపోతే పీడా పోయింది. వెనక వరసలో తాతయ్య లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. కాసేపటికి నాన్నా లేచాడు.

ఇప్పటికీ మీటింగుల్లో ఎవరో ఒకరు మావాళ్ల యాసని అనుకరించి నవ్విస్తారు. అందరూ నవ్వుతారు. నేను నవ్వను. అన్నవాడి కళ్లలోకి చూస్తూ, చొక్కా చేతులు నెమ్మదిగా సర్దుకుంటాను. గదిలో శబ్దం దానంతటదే ఆగిపోతుంది.