గుట్ట మీది మన్ను

కుప్పం దగ్గర ఒక పల్లెలో, గుట్ట మీద మరియమాత గుడి ఉంది. ఆ గుట్టను చర్చికి దానం చేసింది మా తాతగారని మా ఇంట్లో చెప్పుకుంటాం. పొలాలు పోయాయి, మేడ పోయింది, మాకు మిగిలింది ఆ మాట ఒక్కటే. గుడి ముందు కొత్తగా నిలబెడుతున్న రాతిపలక మీద తాతగారి పేరు చెక్కించమని అడగడానికి పోయిన ఏడాది మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా అక్కడికి వెళ్లాను.

గుడి చూసుకునే ముసలావిడ కొవ్వొత్తులు సర్దుతూ నా మాట విని నవ్వింది.

"గుట్ట ఇచ్చింది నిజమేనప్పా. అంతా గుండ్లే. మోకాళ్లేసే సోటు గూడా లేకపాయె. మావోళ్లే గంపల్తో మన్ను మోసి సదును సేసినారు. ఇప్పుటికీ పండక్కొచ్చే ప్రతి ఇంటోళ్లూ వాళ్లింటి మన్ను పిడికెడు తెచ్చి ఈడ పోస్తారు. నువ్వు తెచ్చినావా?"

"మాకిప్పుడు సొంత ఇల్లు లేదమ్మా," అన్నాను. పరాయివాళ్లతో ఆ మాట అనడం అదే మొదటిసారి.

"దానికేముందిలే. అప్పుట్లో మావోళ్లకు మాత్రం సొంత మన్ను యాడుండాది? మీ తాత చేన్లోదే, ఆయప్పకు తెలీకుండా ఎత్తకొచ్చినారు."

ఆవిడ చేతులు కొంగుకు తుడుచుకుంది.

"పేరు చెక్కిస్తాంలే అప్పా. ఆ మన్ను ఆయప్ప ఇచ్చినాడని రాయల్లా, మేం తెచ్చుకున్నామని రాయల్లా?"

"రెండూ రాయించండి. మా ఇంటిపేరు మాత్రం తప్పు పడకుండా చూడండి," అన్నాను.