కాళ్ళు తడుస్తాయా అని అడిగిన మనిషి

నా చిన్నప్పుడు, నాకు తొమ్మిదేళ్ళ వయసులో, అక్టోబరు పదిహేడో తేదీ గురువారం మధ్యాహ్నం మూడుంబావుకు మా ఇంటి తలుపు ఎవరో తట్టారు. సమయం అంత కచ్చితంగా ఎలా గుర్తుందని మా పిల్లలు అడుగుతుంటారు. స్కూలు బస్సు దిగి ఇంట్లోకి రాగానే వంటింటి గడియారం చూడడం నాకు అలవాటు. మా అమ్మ నర్సు. మూడు గంటల డ్యూటీకి అప్పటికే వెళ్ళిపోయేది. నాన్న ఫర్నిచర్ కార్ఖానా నుంచి నాలుగున్నరకు గానీ వచ్చేవారు కాదు. మధ్యలో ఉన్న ఆ గంటంబావు సేపూ పక్కింటి అమెరికన్ మామ్మ తన వరండాలో కూర్చుని మా గుమ్మం మీద ఒక కన్ను వేసి ఉంచేది.

మేము ఉన్నది నార్త్ కరోలినా పడమటి కొండల్లో ఒక చిన్న పట్నం. అక్కడ తెలుగు మాట్లాడే ఇళ్ళు రెండే ఉండేవి. ఒకటి మాది, ఒకటి పెదనాన్నది. ఆయన మాకు రక్తసంబంధీకుడు కాదు. గుంటూరు వైపు నుంచి మాకంటే ముందు వచ్చిన పెద్దమనిషి కనుక అలా పిలిచేవాళ్ళం. నాన్నకు కార్ఖానాలో పని చూపించిందీ, ప్రతి ఆదివారం మమ్మల్ని తన కారులో చర్చికి తీసుకువెళ్ళిందీ ఆయనే. నాన్న తమ్ముడు, మా బాబాయి, చదువు కోసం స్టూడెంట్ వీసా మీద వచ్చి, కాలేజీ సాగక మానేసి, మా ఇంట్లో ఉంటూ అదే కార్ఖానాలో కుర్చీలకు రంగు వేసే పనిలో చేరాడు. ఆ వీసా మీద అలా పనిచేయకూడదని ఇంట్లో పెద్దలందరికీ తెలుసు. నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

తలుపు తట్టిన మనిషి గోధుమరంగు కోటు వేసుకున్నాడు. టోపీ తీసి చేతిలో పట్టుకుని, బాబాయికి కాలేజీలో తెలిసినవాడినని చెప్పాడు. మా ఇంట్లో పిల్లలకు నేర్పిన పద్ధతి ఒకటే. పెద్దవారు వస్తే కుర్చీ వేయాలి, మంచినీళ్ళు ఇవ్వాలి, అంకుల్ అని పిలవాలి, అడిగినదానికి నిలబడి జవాబు చెప్పాలి. నేను అవన్నీ చేశాను. ఆయన నా చదువు గురించి అడిగాడు, అమ్మ గురించి అడిగాడు. తర్వాత ఎంతో దయగా, "మీ బాబాయి చేతులకు అంటిన రంగు పోవడం కష్టమేమో కదా?" అన్నాడు.

"పోదు అంకుల్. మోచేతుల దాకా ఉంటుంది. రోజూ కిరోసిన్ పెట్టి రుద్దుకుంటాడు," అన్నాను నేను.

ఆయన నీళ్ళు తాగి, గ్లాసు తానే కడిగి బోర్లించాడు. బాబాయిని ఆశ్చర్యపరచాలని ఉంది కనుక తాను వచ్చిన సంగతి చెప్పవద్దన్నాడు. నేను మాట ఇచ్చాను, నిలబెట్టుకున్నాను.

మరునాడు ఉదయం వీసాలు చూసే అధికారులు ఇద్దరు కార్ఖానా రంగుల గదికి నేరుగా వచ్చి బాబాయిని తీసుకువెళ్ళారు. ఇద్దరిలో ఒకాయన గోధుమరంగు కోటు వేసుకున్నాడని నాన్న ఆ సాయంత్రం ఆసుపత్రికి ఫోను చేసి అమ్మతో చెబుతుంటే, నేను అన్నం ముందు కూర్చుని ఉన్నాను. ఆ ముద్ద మింగడం ఇప్పటికీ గుర్తుంది.

శనివారం పొద్దున్నే ఇంట్లో వాదన మొదలైంది. అంతకు ముందువారం పెదనాన్న మా ఇంటికి వచ్చి బాబాయిని కోప్పడి వెళ్ళారు. చదువుకోమని పంపితే కుర్చీలకు రంగులు పూసుకుంటున్నావని, ఇది ఎన్నాళ్ళో సాగదని అన్నారు. నాన్న ఇప్పుడు ఆ మాటలనే పట్టుకున్నారు.

"ఆయనే చెప్పుంటాడు. వాడు రంగుల గదిలో ఉన్నాడని ఇంకెవడికి తెలుసు?"

"తొందరపడకండి. వచ్చిన కొత్తలో ఆయనింట్లో తిన్నాం మనం," అంది అమ్మ.

"తిన్నాం కాబట్టే అడుగుతాను. రేపు ప్రార్థన అయ్యాక, అందరి ముందూ అడుగుతాను."

అలా అడిగితే ఏమవుతుందో తొమ్మిదేళ్ళ పిల్లకైనా తెలుసు. ఆ ఊళ్ళో మాతో మా భాషలో మాట్లాడే ఒక్క ఇల్లూ మూతపడుతుంది. చేయని పనికి ఆ పెద్దాయన జీవితాంతం దోషిగా ఉండిపోతాడు. నేను నిజం చెబితే బాబాయిని పట్టించినది నేనేనని తెలిసిపోతుంది. ఎటూ తోచక పక్కింటి మామ్మ దగ్గరికి వెళ్ళాను.

మామ్మకు అప్పటికే ఎనభై దాటాయి. ఆ కొండల్లోనే పుట్టి, ఆ కొండలు దాటని మనిషి. చలికాలానికి ఎండబెట్టడానికి ఆపిల్ ముక్కలు దారానికి గుచ్చుతోంది. బాబాయిని తీసుకువెళ్ళిన సంగతీ, నాన్న ఎవరిని అనుమానిస్తున్నారో కూడా పొద్దున అమ్మ ఆమెకు చెప్పుకుందట. నన్ను ఏమీ అడగలేదు. ఒక సూది, దారం చేతికిచ్చి పక్కన కూర్చోబెట్టుకుంది. కాసేపటికి, తన అమ్మమ్మ చిన్నతనంలో, అంటే ఇక్కడ ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం జరుగుతున్న రోజుల్లో, ఈ వాగు పక్కనే జరిగిన ఒక సంగతి చెప్పడం మొదలుపెట్టింది. దాన్ని ఆమె కథలాగా చెప్పలేదు. బరువైన సామానును ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరుపుతున్నట్టు, మధ్యమధ్య ఆగుతూ చెప్పింది.

ఆ యుద్ధంలో ఇక్కడ పెద్ద సైన్యాలు ఎదురెదురుగా నిలబడింది తక్కువట. బానిసలున్న పెద్ద కమతాల వాళ్ళ కోసం నేనెందుకు చావాలని ఆ అమ్మమ్మ తండ్రి దక్షిణాది సైన్యంలోకి వెళ్ళకుండా కొండ మీద పొదల్లో దాక్కున్నాడు. అలాంటివాళ్ళను వేటాడడానికి ఇరుగుపొరుగు మనుషులతోనే ఒక దండు ఉండేది. ఆడవాళ్ళు పందులను మేతకు పిలిచే కేకలతో సైగలు చేసుకునేవారు. ఒక రకం కేక వినబడితే దారి ఖాళీగా ఉందని, ఇంకో రకం వినబడితే కదలవద్దని అర్థం. అప్పటికి ఎనిమిదేళ్ళ పిల్ల అయిన ఆ అమ్మమ్మ రోజూ తండ్రికి రొట్టె మోసుకెళ్ళేది.

ఒకరోజు తల్లి ఇంట్లో లేనప్పుడు నీలం కోటు వేసుకున్న మనిషి ఒకడు కుంటుకుంటూ వచ్చాడు. ఉత్తరాది సైనికుడినని, చెర నుంచి తప్పించుకుని కొండలు దాటి పోతున్నానని చెప్పాడు. అలాంటివారికి అన్నం పెట్టడం ఆ ఇంటి ఆచారం. పిల్ల మజ్జిగ ఇచ్చింది. వాడు ఆమె తండ్రి ఎక్కడున్నాడని అడగలేదు. పిల్ల బోసి కాళ్ళ వైపు చూసి, "ఇంత చలిలో రొట్టె పట్టుకెళ్తుంటే కాళ్ళు తడుస్తాయా తల్లీ?" అన్నాడు. రెండుసార్లు వాగు దాటాలని, రెండోసారి మోకాళ్ళ దాకా వస్తుందని పిల్ల చెప్పింది. ఆ వాగును రెండుసార్లు దాటితే చేరే చోటు ఒకటే ఉంది. నీలం కోటు దొంగిలించినది. వాడు దండు మనిషి. సాయంత్రానికి తండ్రి లేడు.

నా సూది అక్కడే ఆగిపోయింది. మామ్మ ఆపలేదు. అసలు సంగతి ఆ తర్వాతది అంది. ఎవరు చెప్పారని మేనమామలు ఆలోచించారట. ఆ ఇంట్లో ఒక మనిషికి సరిపడా పిండి ఎక్కువ పోతోందని తెలిసినవాడు పిండిమర ఆయన ఒక్కడే. వాళ్ళు కూడా అవతలిపక్షం, అంటే దక్షిణాది వాళ్ళ బూడిదరంగు కోట్లు తొడుక్కునే వెళ్ళి, ఒక ఆదివారం ఆయనను గుమ్మంలోనే కాల్చేశారు. ఆ వారమంతా పిల్ల నోరు తెరవలేదు. డెబ్భై దాటాక ఒకరోజు, ఇలాగే ఆపిల్ ముక్కలు గుచ్చుతూ, మనవరాలైన మామ్మకు చెప్పింది.

అప్పుడు మామ్మ నా వైపు తిరిగింది.

"గురువారం మీ ఇంటి ముందు కారు ఆగడం చూశాను. ఇన్సూరెన్స్ మనిషి అనుకున్నాను. లేచి రావలసింది, రాలేదు. ఆ తప్పు నాది."

నేను ఏడవడం మొదలుపెట్టాను. ఆమె ఓదార్చలేదు, ముక్కలు గుచ్చుతూనే ఉంది.

"అడిగినవాడు పెద్దవాడు. పిల్లల్ని అలా అడగడం నేర్చుకుని వచ్చాడు. నువ్వు చెప్పింది నీ తప్పు కాదు. ఇవాళ చెప్పకుండా ఉంటే మాత్రం, అది నీదవుతుంది."

ఏప్రన్ విప్పకుండానే నాతో మా ఇంటికి వచ్చింది. నాన్న వెనక మెట్ల మీద కూర్చుని ఉన్నారు. నేను మొత్తం చెప్పాను. రంగు, కిరోసిన్, కడిగి బోర్లించిన గ్లాసు, ఇచ్చిన మాట, ఏదీ వదలలేదు.

"నీళ్ళు ఇచ్చావా?" అన్నారు నాన్న.

"ఇచ్చాను నాన్నా."

"ఇవ్వాల్సిందే. ఇంటికొచ్చినోడికి ఇవ్వాల్సిందే," అన్నారు. లేచి బూట్లు వేసుకుని, నా చెయ్యి పట్టుకుని పెదనాన్న ఇంటికి నడిపించుకు వెళ్ళారు. మైలు దూరం.

అక్కడ గుమ్మంలోనే నిలబడి, మిమ్మల్ని అనుమానించాను అన్నయ్యా అని చెప్పేశారు. పెదనాన్న కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "అనుమానించడానికైనా ఈ ఊళ్ళో నేనొకణ్ణి ఉన్నా కదరా నీకు. లోపలికి రా, టీ తాగు," అన్నారు. నవ్వించాలనే అన్నారు గానీ ఆయన గొంతు నవ్వలేదు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం, నేనుంటున్న క్యారీ పట్నంలో మా మనవడు తన చరిత్ర పుస్తకం తెచ్చి చూపించడమే. అందులో యుద్ధపటాల మీద నీలం, బూడిదరంగు బాణాలు చక్కగా సాగిపోతున్నాయి. యుద్ధం నాలుగేళ్ళలో ముగిసిందని రాసి ఉంది. పిండిమర గుమ్మానికి గానీ, వాగులో తడిసిన కాళ్ళకు గానీ ఆ పటంలో చోటు లేదు. వాడికి వివరించబోయి, అలసట కలిగి, పుస్తకం మూసి ఇచ్చేశాను. తర్వాత కూర్చుని ఇది మొదలుపెట్టాను.

మా వంశంలో డిగ్రీ పుచ్చుకున్న మొదటి మనిషిని నేను. ఆ డిగ్రీతో ముప్పై ఏళ్ళు ఒక బడి ఆఫీసులో పనిచేశాను. ఎదుట కూర్చోబెట్టిన పిల్లలను ఇంటి సంగతులు అడగవలసి వచ్చినప్పుడల్లా, నేనెవరో, ఆ జవాబు ఎవరి దగ్గరికి వెళుతుందో ముందు చెప్పేదాన్ని. ఇష్టం లేకపోతే చెప్పనక్కరలేదని కూడా చెప్పేదాన్ని. దానివల్ల పని ఆలస్యమవుతోందని పైవాళ్ళు విసుక్కున్న రోజులున్నాయి. నేను మార్చుకోలేదు.

బాబాయిని నవంబరులో వెనక్కి పంపేశారు. మళ్ళీ ఈ దేశం రాలేదు. ఆయనింట్లో టీ తాగిన మరునాడు, ఆదివారం, పెదనాన్న ఎప్పటిలాగే మా ఇంటి ముందు కారు ఆపారు, మేము ఎక్కాము. మా ఇంటి తలుపు తట్టినవారికి నేను ఇప్పటికీ మంచినీళ్ళు ఇస్తాను. వాళ్ళు వెళ్ళాక, ఎవరొచ్చారో, ఏమడిగారో ఇంట్లో అందరికీ చెబుతాను.