రోజా చెట్టుకు ఎన్నో నెల?

అలివేలమ్మ నర్సుకు మనుషులకంటే రోజా చెట్ల మీదే ప్రాణం. బాగలూరు చుట్టుపక్కల పల్లెల్లో ఏ ఇంటికి వెళ్లినా ముందు పెరట్లోకి నడిచేది. లోపల ఎవరైనా జ్వరంతో మూలుగుతుంటే మూలగనిచ్చి, తాను ఆకులు తిప్పి చూసి, పుల్లతో పాదు కెలికి, "కత్తి తెండమ్మా, ఒక కొమ్మ కోసుకుంటా" అనేది. ప్రభుత్వం ఈమెను పంపింది మనుషులకా, పూలకా అని ఊరి పెద్దలు అరుగు మీద తీవ్రంగా చర్చించారు. అరుగు మీది చర్చలన్నిటిలాగే అదీ తేలలేదు.

2001లో రాయకోట నుంచి అక్కమ్మ ఇంటికి కోడలిగా వచ్చిన సుమ కూడా మొదట నవ్వుకుంది. ఆ మరుసటేడు ఆమెకు ఆరో నెల. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. బియ్యం చెరుగుతూ గుప్పెళ్లకొద్దీ పచ్చి బియ్యమే నమిలేది. "కడుపుతో ఉండేవాళ్లకు అంతేలే" అని అక్కమ్మ వైద్యం తేల్చేసింది. నర్సమ్మ ఇచ్చిన ఇనుము మాత్రల సంగతి మాత్రం రోజూ అడిగేది.

"మాత్ర ఏసుకుంటివా?"

"ఏసుకున్నా అత్తా."

మాత్ర అప్పటికే రోజా పాదులో ఉండేది. ఆ రోజా మాత్రం నిగనిగలాడుతూ విరగబూసింది. అంతా తన చేతి చలవేనని అక్కమ్మ వీధి వీధికీ చెప్పుకుంది.

ఒక శుక్రవారం అలివేలమ్మ వచ్చి, అలవాటు ప్రకారం చెట్టు ముందు వంగింది.

"అక్కమ్మా, దీనికి ఎన్నో నెల?"

"చెట్టుకు నెలలేంది నర్సమ్మా?"

"ఊరికే అడిగినాలే. కత్తి తీసుకురా పో."

అక్కమ్మ లోపలికి వెళ్లింది. నర్సమ్మ పుల్లతో రెండుసార్లు గీకగానే సగం కరిగిన ఎర్ర మాత్రలు నాలుగు బయటపడ్డాయి. పెరటి గుమ్మంలో బియ్యం చెరుగుతున్న సుమ చేట కింద పెట్టేసింది. ఇక అత్త పెట్టబోయే కేకలు బాగలూరు దాకా వినిపిస్తాయని ఆమెకు తెలుసు. అలివేలమ్మ వాటిని సంచిలో వేసుకుని, మన్ను చెప్పుకాలితో సర్దేసింది.

"ఏంటికి మింగలేదు?"

"కడుపులో తిప్పుతాది. ఇంకా... దొడ్డికి నల్లగా పోతా ఉండాది. లోపల ఏమో కుళ్లిందని భయమేసినాది."

"ఇనుము తింటే నల్లగానే పోతాది. నీకేం, మల్లెపూలు రావల్లా?" అని నర్సమ్మ గొంతు తగ్గించింది. "పోయిన వారం సూది గుచ్చి చూస్తినే, నీ రక్తం ఏడు పాయింటు రెండు. పదకొండు ఉండల్ల. ఇంకా దిగితే కృష్ణగిరి ఆస్పత్రిలో రక్తం ఎక్కించల్ల. కాన్పులో కొంచెం పోయినా నువ్వు తట్టుకోలేవు సుమా. చెట్టుకేం, అది సుఖంగా కంటాది."

సుమకు మొదటిసారి నిజంగా భయం వేసింది. తన కోసం కాదు, కడుపులో కదులుతున్న దాని కోసం.

"అన్నం తిన్నాక నిమ్మకాయ నీళ్లతో మింగు. కడుపులో తిప్పదు. కాఫీ, టీ దాని పక్కకు రాకూడదు, ఇనుమును ఒంటికి పట్టనీవు. చేనికి చెప్పులేసుకుని పో, పురుగులు అరికాళ్లలోనుంచి లోపలికి దూరతాయి. ఈ నులిపురుగుల మాత్ర కూడా మింగు, అవి నీ రక్తం తాగి బలుస్తా ఉంటాయి."

కత్తితో వచ్చిన అక్కమ్మ అనుమానంగా చూసింది. "ఏం గుసగుస?"

"చెట్టు భలే ఉందంటా ఉన్నా. వారం వారం వచ్చి చూసుకుంటా."

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం అక్కమ్మ కత్తి కోసం లోపలికి పోయేది, సుమ మాత్రల అట్ట చూపించేది. నెల తిరిగేసరికి సుమ బుగ్గలకు రంగొచ్చింది, రోజా ఆకులు పసుపు తిరిగాయి. చెట్టుకు దిష్టి తగిలిందని అక్కమ్మ మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. తొమ్మిదో నెలలో సుమ రక్తం పది పాయింటు నాలుగు. ఆడపిల్ల పుట్టింది, వినుత అని పేరు పెట్టారు. తల్లీబిడ్డా క్షేమం, చెట్టొక్కటే చిక్కిపోయింది.

2006లో అలివేలమ్మ రిటైరయింది. సుమ ఒక కుండీలో రోజా మొక్కతో హొసూరులో ఆమె ఇంటికి వెళ్లింది. ఆ ఇంట్లో తులసి కూడా లేదు.

"మేమిచ్చిన కొమ్మలన్నీ ఏమైనాయి నర్సమ్మా?"

"బస్సెక్కే ముందే మేకలకు ఏసినా," అంటూ అలివేలమ్మ వరసగా మూడు తుమ్ములు తుమ్మింది. "నాకు రోజా వాసన పడదే తల్లీ."

ఇన్నేళ్లుగా ఎన్ని ఇళ్లలో ఎంతమంది అత్తలు కత్తి కోసం లోపలికి పోయారో సుమకు అప్పుడు తట్టింది. ఏ కోడలి గుట్టూ ఏ అత్తకూ తెలియనివ్వకుండా ఈమె తుమ్ములు ఆపుకుంటూ తిరిగింది. సుమకు ఆమె కాళ్లకు దండం పెట్టాలనిపించింది.

ఈలోగా అలివేలమ్మ ముక్కు తుడుచుకుని, కాస్త ఎత్తుగా ఉన్న సుమ కడుపు వైపు చూసి, కుండీలో వేలు పెట్టి మన్ను కెలకడం మొదలుపెట్టింది.

"ఆడ ఏమీ లేవు నర్సమ్మా," అంది సుమ. "ఈసారి అన్నీ నేనే మింగినా."